కండ్లు పెట్టని పటం వెంబడి

సికింద్రాబాదుకు వాపసొచ్చి ఎనిమిది దినాలైంది గని, నా కుడిచెయ్యి గోళ్ల కింద మసి ఇంక పోలే. కుంకుడుకాయ పెట్టి రుద్దిన, చింతపండు పెట్టి రుద్దిన. మా బడి పెద్ద టీచరమ్మ చూసి, పొయ్యికాడ జర పైలంగ ఉండరాదా అన్నది. ఇది పొయ్యి మసి గాదమ్మా, ఏసయ్య కంటి నలుపు అంటే నా దిక్కు వింతగ చూసింది. నిలవడి రెండు మాటలల్ల చెప్పే ముచ్చట గాదిది. అందుకే కూసొని రాస్తున్న. ఇబ్రహీంపట్నం దిక్కు ఎన్నడు పోనోళ్లు జర ఓపిక చేసుకొని చదువున్రి.

నా పేరు సుగుణ. బడిల పిల్లలకు బొమ్మలు గీసుడు నేర్పుత. ఆదివారం బడి గూడ నాదే. అక్కడ మాకు దొరల సీమ నుంచి వచ్చిన బొమ్మల కార్డులుంటయి. వాటిల్ల ఏసయ్య సున్నం కొట్టిన గోడ లెక్క తెల్లగుంటడు, జుట్టు బంగారు రంగు. ఒక పిల్ల ఓనాడు లేచి, గీ దొర మన బడి చూడనీకి ఎప్పుడొస్తడు టీచర్ అని అడిగింది. అందరు నవ్విన్రు, నేను గూడ నవ్విన. ఇంటికొచ్చినంక మాత్రం ఏడుపొచ్చింది. ఆ కార్డులంటే అప్పటి సంది నాకు కడుపుల మంట.

గట్లాంటి నాకు దేవదానం మామ ఉత్తరం రాసిండు. మామ మా అమ్మకు తమ్ముడు, ఇబ్రహీంపట్నం ఊరి బయటి పేటల వాక్యం చెప్పే ఉపదేశి. మా అమ్మ పుట్టింది గూడ ఆ పేటలనే. ఉత్తరంల ఉన్నది రెండు ముక్కలే: "ఏసయ్య పటం ఒకటి తయారైంది. కండ్లు పెట్టేటోళ్లు లేరు, ఈస్టర్ ముందటి బుధవారానికి నల్ల రంగు పట్టుకొని రా బిడ్డా." ఇంకేమున్నది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది నాకు. అమ్మ మొత్తుకున్నది. పోలీసు యాక్షను అయ్యి ఏడు నెలలే అయింది, పగలు మిలిట్రీ, రాత్రి ఎర్రజెండా సంగపోళ్లు, వాళ్ల నడుమ నువ్వు పోయి బొమ్మలు గీస్తవా అని. నేను అప్పటికే పెట్టె సదురుతున్న.

బుధవారం: బొగ్గు బస్సు

బస్సు మలక్‌పేట దాటంగనే దగ్గుడు మొదలువెట్టింది. బొగ్గు పొయ్యితోటి నడిచే బండి. ఎత్తు వచ్చినప్పుడల్లా మొగోళ్లు దిగి నెట్టాలె. టికెటుకు నిజాం హాలీ సిక్కా ఇస్తే కండక్టరు ఇండియా కల్దార్ లేదా అని మూతి ముడిచిండు. మొన్నటి దాక గవే సిక్కలకు సలాం కొట్టినోడే గద!

తుర్కయాంజాల్ కాడ బండి ఒక గుంతల పడ్డది. నా ఒళ్లోని నల్ల రంగు సీసా ఎగిరి, పక్కన కూసున్న ముసలాయన తెల్ల లాల్చీ మీద పడి పగిలింది. రంగంత ఆయన పొట్ట మీద. పై ప్రాణం పైననే పోయింది నాకు. ఆయన కిందికి చూసుకున్నడు, నా దిక్కు చూసిండు, నెమ్మదిగ నవ్విండు. తాను ఇబ్రహీంపట్నం దర్జీ ఖాసీం అట. ఇంకో లాల్చీ కుట్టుకునేతందుకు సాకు దొరికిందన్నడు. గడబిడల భయపడి పట్నంల చుట్టాల ఇంట్ల తలదాచుకొని, ఇప్పుడే మల్ల ఊరికి పోతున్నడు. కుట్టుమిషను ఉన్నదో లేదో అనేదే ఆయన ఫికరంత. నా ఫికర్ నాది, రంగు పోయిందాయె. బండిని పైకి నెట్టేదాక ఇద్దరం గుంతకాడ కూసొని ముంజలు తిన్నం. అణాకు పన్నెండు కాయలు! సికింద్రాబాదుల నాలుగిచ్చేతందుకు నఖరాలు చేస్తరు.

పేటల

మామ బస్సుకాడికొచ్చిండు. ఖాసీం సాబు మిషను పక్కింటోళ్లు గోనెసంచిల చుట్టి అటక మీద దాచిన్రని ఆయనే చెప్పిండు. ముసలాయన ఆ మరక లాల్చీతోనే గబగబ ఉరికిండు.

ఇక్కడి గుడి చూసి నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మట్టి గోడలు, తాటాకు కప్పు, అలికిన నేల. మాకాడ బెంచీలు, గాలిపెట్టె వాద్యం, గొంతు సవరించుకొని పాడేటోళ్లు. ఇక్కడ చాప మీద కూసొని నాటు పాటల వరసల కీర్తన ఎత్తుకుంటరు. ఒకామె మొదలువెడితే మిగిలినోళ్లు చేతులతోటి తాళం. పాట నడుమల నాకు తెల్వకుండనే నా నడుము ఊగుతుండె. సికింద్రాబాదుల అట్ల ఊగితే ముందు బెంచి నుంచి ఒక చూపు వచ్చి తగులుతది.

రాజవ్వ ఇంట్ల నాకు భోజనం. రాజవ్వ పేటకు పెద్ద, మాట పదును. జొన్నరొట్టె, చింతచిగురు పప్పు, మామిడికాయ తొక్కు పెట్టి, పటం సంగతి ఆమెనే చెప్పింది.

పేట కులపు పుట్టుక కథ చెప్పి బతికే కులం ఒకటున్నది. బట్ట మీద రాసిన పటం విప్పుకుంట, కట్టెతోటి బొమ్మ బొమ్మ చూపెడుతరు. పంట మీద వాళ్లకు హక్కు: ఏడాదికోసారి ఇంటికిన్ని జొన్నలు, ఒక దూడ. పేట ఏసయ్య దిక్కు తిరిగినంక ఆ పాత కథ వినేటోళ్లు ఏడాదికేడాది తగ్గి, ఇప్పుడు ఎవరు వింటలేరు. కథ లేకుంటే హక్కు గూడ లేదు. కథలాయన బాలయ్యకు డెబ్బై ఏండ్లు, ఇంకో పని రాదు. మామనే ఆయనకు సువార్త చదివి వినిపిచ్చి, ఏసయ్య కథను పటం చేయించుకో అన్నడు. ఉన్న రెండు మేకలమ్మి బాలయ్య బట్ట మీద బొమ్మలు రాసే నకాశోళ్లతోటి పటం రాయించుకొచ్చిండు. ఈ ఈస్టరుకు కథ చెప్పాలె. పేటోళ్లకు నచ్చితే ఆయన హక్కు నిలవడ్డట్టు, లేకుంటే ఆ గడప ఆయనకు అయిపోయినట్టే.

"గుడ్డి దేవుని కథ మేం వినం," అన్నది రాజవ్వ. "కండ్లు పెట్టియ్యమని బాలిగానికి చెప్పు."

డెబ్బై ఏండ్ల మనిషిని బాలిగడంటున్నది. నాకు సర్రున కోపమొచ్చింది గని, నోట్ల రొట్టె ఉండె. గుడిల కూసొని చెప్తడా అని అడిగిన. రాజవ్వ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. వాళ్లు మనకన్న కింది కులం, మన గడప తొక్కరు, మన తాత ముత్తాతల సంది ఉన్నదే, వాకిట్ల నిలవడి చెప్తడు అన్నది. ఊరోళ్లు మనలను గడప తొక్కనియ్యరని ఇదే పేట ఏడుస్తది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటరు. ఇక్కడ పూజారి గూడ ఇచ్చిండు, పేటనే ఇస్తలేదు.

గురువారం: రావిర్యాల

బాలయ్య గుడిసె రావిర్యాల కాడ. పొద్దుగాల ఎడ్లబండి కట్టుకొని మామ, నేను పోయినం. దారి పొడుగూత మామ ముచ్చట్లే. గడీ దొర సంగపోళ్లకు భయపడి పట్నం పారిపోయి, మిలిట్రీ ఎనుక మల్ల ఊర్లెకు జొరవడ్డడట. గని కూలి లేని వెట్టికి రమ్మని పేట మీదికి మనిషిని పంపేతందుకు మాత్రం ఇంక ధైర్యం చాలుతలేదట.

బాలయ్య బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం బాయిల నుంచి వచ్చినట్టుంటది. ఆయన పెండ్లాం ఎల్లవ్వ మాకు తాగనీకి జొన్న గటక పోసి, పటం గుడిసె ముందట పరిచింది.

ఎట్ల చెప్పాలె మీకు! ఇరవై మూరల బట్ట. చింతగింజల అంబలి పెట్టి గట్టివరిచి, ఆసాంతం ఎర్ర రంగు పూసి, ఆ ఎరుపు మీద బొమ్మలు. మరియమ్మ కాళ్లకు కడియాలు, ముక్కుకు పుల్ల. యోసేపు వడ్ల పని చేస్తుంటే బాడిస కింద చెక్క పేళ్లు గూడ రాసిన్రు. పిలాతు గడీల దొర లెక్క కుర్చీల కూసొని హుక్కా పీలుస్తున్నడు, పక్కన సిపాయిల తలలకు నిజాం పోలీసుల రుమాళ్లు. ఏసయ్య ఒళ్లు నీలం, మన దేవుండ్లను రాసినట్టే. నేను మోకాళ్ల మీద ఆ చివర నుంచి ఈ చివర దాక దేక్కుంట చూసిన. బొమ్మలు నేర్పే నాకు ఇన్నేండ్లు ఒక్కరు చెప్పలే, ఏసయ్యను మన బట్ట మీద మన రంగుతోటి గూడ రాయొచ్చని.

ఒక బొమ్మ కాడ ఆగిన. ఏసయ్య సిలువ మోయలేక పడిపోతే, దారిన పోయే సీమోనును పట్టుకొని మోయించిన తావు. "వెట్టి," అన్నడు బాలయ్య ఎనుక నుంచి. అంతే. ఆ ఒక్క మాట నేను పదేండ్లల్ల పిల్లలకు చెప్పలేకపోయిన.

గని ఒక్క ముఖానికి గూడ కండ్లు లేవు. రెప్పల గీత ఉన్నది, నడుమ తెలుపున్నది, నల్లగుడ్డు లేదు.

దానికి కారణం ఆచారం. పటానికి కండ్లు ఆఖరుకు పెడతరు. పెట్టే ముందట ఒక కోడినో మేకనో కొయ్యాలె, నెత్తురు చూపియ్యనిది పటం కండ్లు తెరువదు. నెత్తురు లేకుండ తెరిపిస్తే చెప్పేటోని పానం తీసుకుంటది. నకాశోళ్లు కోడిని తెమ్మన్నరు. ఏసయ్య పేరున కోడిని కోసుడేందని మామ వద్దన్నడు. వాళ్లు కుంచె కింద పెట్టి, పటం చుట్టి చేతిల పెట్టిన్రు. ఇంకో మాట గూడ ఉన్నది. పైన పెద్ద దేవుని బొమ్మకు కండ్లు పెట్టంగ మొదటి చూపు ఎవరి మీద పడితే వాళ్లను పట్టుకుంటదట. అందుకని ఎదురుంగ ఎవరు ఉండరు.

మామ ఓపికగ చెప్పిండు: గొర్రెపిల్ల లెక్క ఏసయ్యనే నెత్తురు పోసిండు, ఇంక ఏ కోడి అక్కరలేదని. బాలయ్య తల ఊపిండు.

"నువ్వంటవ్, నేను వింటున్న ఉపదేశయ్యా. గని పటం విన్నదా?"

ఆయన మొండికి మాట్లాడుతలేడు, నిజంగనే భయపడుతున్నడు. కండ్లు పెడితే పానం పోతదని, పెట్టకుంటే పేట పోతదని. కండ్లు లేకుండనే తెస్త, ఉన్న కాడికి చెప్త అని ఆఖరుకు ఒప్పుకున్నడు. ఆ రాత్రి వాళ్ల వాకిట్ల పండుకున్నం.

శుక్రవారం: చెరువు కట్ట

మంచి శుక్రవారం, ఏసయ్య సిలువ మీద నెత్తురు కార్చిన దినం. పగటాల్ల ఆరాధనకు అందుకోవాలని తొలికోడి కూయంగనే బండి కట్టినం. మామ, నేను, బాలయ్య, ఎల్లవ్వ. పటం బాలయ్య ఒళ్లో చంటిపిల్ల లెక్క ఉన్నది.

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్టకాడ మిలిట్రీ చౌకి. బండి ఆపిన్రు. ఒక సిపాయి వంగి చూసిండు. చుట్టిన పటం చివర గోనెల నుంచి బయటికొచ్చి ఉన్నది. ఎర్రగ.

"లాల్ ఝండా," అన్నడు వాడు, తుపాకి సవరించుకొని.

ఓరి దేవుడా! నకాశోళ్ల ఎరుపు నాకు చూసి చూసి అలవాటైంది. ఎర్ర బట్ట చుట్టుకొని మిలిట్రీ కట్ట మీదికి పోతున్నమనే సోయి మా నలుగురిల ఒక్కరికి లేకపాయె. సంగపోళ్ల జెండా దొరికిందని ఇద్దరు, ముగ్గురు సిపాయిలు ఉరికొచ్చిన్రు. ఎనుక హవల్దార్ వచ్చిండు, గుబురు మీసాలు. సికింద్రాబాదుల నేర్చిన ఉర్దూ ఉన్నదంత కూడగట్టుకొని, ఇది జెండా గాదు, దేవుని కథ అని చెప్పిన. విప్పి చూపియ్యమన్నడు.

బాలయ్య బండి దిగిండు. పటం చుట్టిన బొంగు కొస పగిలి ఉండె. గబగబ విప్పుతుంటే అది అరచేతిల దిగవడ్డది. నెత్తురు చుక్క పటం మీద పడ్డది, ఎరుపు మీద ఎరుపు. నాకు కనవడ్డది, సిపాయిలకు కనవడలే.

ఆయన ఆగలే. కట్టె తీసుకొని కథ ఎత్తుకున్నడు. రెండు మాటలు గాంగనే ఆ బాయి గొంతు వచ్చింది. సిపాయిలకు తెలుగు రాదు. పసులపాక కాడికొచ్చేసరికి ఒకడు తుపాకి భుజానికేసుకొని కూసున్నడు. సీమోను కాడ ఇంకిద్దరు దగ్గరికి జరిగిన్రు. హుక్కా పీల్చే పిలాతును చూసి హవల్దార్ కిసుక్కున నవ్విండు. ఇరవై మూరలు అయిపోయేదాక ఎవరు కదలలే. నేను భయం మర్చిపోయి తాళం వేస్తున్న!

అప్పుడు హవల్దార్ నన్ను అడిగిండు, ఇంతమందికి కండ్లెందుకు లేవని. నేను తెలుగుల బాలయ్యను అడిగిన.

బాలయ్య అరచెయ్యి దిక్కు చూసుకున్నడు. "ఇంక చూసే యాళ్ల కాలేదని చెప్పు," అన్నడు.

చెప్పిన. హవల్దార్ పటం తానే ఒక చివర పట్టుకొని చుట్టించి, పండుగ పగటి పూటనే చేసుకొమ్మని చెప్పి బండి వదిలిండు.

బండి కట్ట దిగింది. బాలయ్య చెయ్యికి ఎల్లవ్వ కొంగు చింపి కట్టింది.

"కండ్లు పెట్టు టీచరమ్మా," అన్నడు బాలయ్య. "పటం నెత్తురడిగింది. ఈయాల తీసుకున్నది."

మామ నోరు తెరిచిండు, మంచి శుక్రవారం గద, ప్రసంగం గొంతుల దాక వచ్చి ఉంటది. నేను చెయ్యి గిచ్చిన. నోరు మూసుకున్నడు.

శనివారం: మసి

రంగు బస్సుల పోయింది గద, మరి నలుపెక్కడిది? ఎల్లవ్వ నవ్వి, ఆముదం దీపం మీద పెంకు బోర్లించింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పెంకు కింద పట్టులాంటి మసి. దాన్ల తుమ్మ బంక కలిపి నూరితే నా సీసా రంగు ఎందుకు పనికిరాదనిపించింది.

ఎల్లవ్వ గుడి గడప తొక్కదు గనుక నేనే బయట వేపచెట్టు కింద కూసున్న. పటం మీద గొర్రెలకు పెట్టిన, గొల్లోళ్లకు పెట్టిన, సిపాయిలకు, పిలాతుకు పెట్టిన. కండ్లు వచ్చిన ముఖం వచ్చినట్టు బట్ట మీద సందడి పెరుగుతున్నది. సీమోనుకు పెట్టినప్పుడు బాలయ్య దగ్గరికొచ్చి చూసి, నేను గూడ గట్లనే చూసేటోన్ని బిడ్డా, వెట్టి మోసేటప్పుడు అన్నడు. పొద్దుగూకేసరికి మెడ పట్టేసింది. పైన ఎదురుంగ చూసే పెద్ద ఏసయ్య ఒక్కడే మిగిలిండు. ఆయనకు తెల్లారి, అందరి ముందట.

ఆదివారం: మొదటి చూపు

పొద్దు పొడవంగనే గుడి నిండింది. పటాన్ని పై బొమ్మ కనవడేదాక విప్పి, వాసానికి కట్టి వేలాడదీసినం. కిటికీ బయట ఖాసీం సాబు, అదే నల్ల మరక లాల్చీ. ఉతికితే పోలేదట, నా రంగు ఎట్లున్నదో చూడనీకి వచ్చిన అన్నడు. బాలయ్య, ఎల్లవ్వ వాకిట్ల ఉన్నరు.

నేను కుంచె చేతిల పట్టుకొని ఎనుకకు తిరిగి చూసిన. పటానికి ఎదురుంగ నడిమి చాప మొత్తం ఖాళీ. ఆడోళ్లు ఆ గోడకు, మొగోళ్లు ఈ గోడకు అతుక్కొని కూసున్నరు. రాజవ్వ అందరికన్న మూలకు. ఏసయ్యను నమ్ముకొని ఇరవై ఏండ్లయింది, మొదటి చూపు భయం మాత్రం పోలే. నాకు నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. ఆఖరుకు బాధనిపించింది, పండుగ పూట ఏసయ్య కండ్లు తెరిచి ఖాళీ చాపను చూడాలెనా అని. మామ కీర్తన ఆపి, నేను కూసుంట అని లేవబోయిండు.

అప్పుడు గడపకాడ అలికిడైంది. బాలయ్య తలపాగ తీసి చంకల పెట్టుకున్నడు. చెప్పులు విడిచిండు. గడప మీద ఒక్క నిమిషం ఆగిండు, కుడికాలు లోపల పెట్టిండు.

నేను రాజవ్వ దిక్కు చూడలే, కుంచె మసిల ముంచిన. బాలయ్య నడిచొచ్చి నడిమి చాప మీద పటానికి ఎదురుంగ కూసున్నడు, కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకొని.

"నన్ను పట్టుకోనీ," అన్నడు. "ఎట్లనన్న నేను పట్టువడ్డోన్నే."

నేను పటం దిక్కు తిరిగిన. నకాశోళ్ల లెక్క ప్రకారం నల్లగుడ్డు సరిగ్గ నడుమ పెట్టాలె, దేవుడు అందరి తలల మీదుగ దూరం చూస్తడు. పిల్లలకు నేను నేర్పేది గూడ అదే. గని నేను పెట్టలే. జర కిందికి పెట్టిన, చాప దిక్కు. ముందు కుడి కన్ను, తర్వాత ఎడమ కన్ను. కుంచె తీసి పక్కకు జరిగిన.

ఏసయ్య బాలయ్యను చూస్తున్నడు. సూటిగ, ఇంకెవరిని గాదు. వాకిట్ల ఎల్లవ్వ కొంగు నోట్ల కుక్కుకున్నది. నాకు కండ్లల్ల నీళ్లు ఆగలే, సిగ్గు గూడ పడలే.

మూలకు బట్టల గరగర వినవడ్డది. రాజవ్వ గోడ పట్టుకొని లేచింది. మోకాళ్లు నొప్పులని తిట్టుకుంట నడిమి చాప దాక వచ్చింది. ఇగ లేవమంటదేమో అనుకున్న. ఆమె బాలయ్య పక్కన నిలవడి, పటం దిక్కు చూసింది, బాలయ్య దిక్కు చూసింది.

"బాలయ్యా," అన్నది, "జర అటు జరుగు. ఆయన నన్ను గూడ చూడాలె."